కొక్కెం ఇచ్చారు, కూలర్ ఎగ్గొట్టారు

అమెరికాలో ఆదివారం టీవీలో ఫుట్‌బాల్ పెట్టుకుంటే ఆటగాళ్లకన్నా ట్రక్కులే ఎక్కువ కనిపిస్తాయి. ఒక కొండ. ఎర్రటి దుమ్ము. పాతాళంలోంచి వచ్చినట్టు ఒక మగ గొంతు. వెనక ఓ ఇల్లంత ట్రెయిలర్ కట్టుకుని ఆ కొండని అవలీలగా ఎక్కేస్తున్న పికప్. తెరనిండా అక్షరాలు: ఇన్ని వేల పౌండ్లు లాగుతుంది! దాని కింద ఇంకో వరస అక్షరాలుంటాయి. చీమలు బారులు తీరినట్టు. చదువుదామని మీరు సోఫాలోంచి లేచేలోపే అవి మాయమైపోతాయి.

అసలు రామాయణమంతా ఆ చీమల బారులోనే ఉంది. ‘తగిన పరికరాలు అమర్చినప్పుడు’ అని. ఏమిటా తగిన పరికరాలు? ఎవరు అమర్చాలి? ఎవరి డబ్బుతో? అబ్బే, అవన్నీ చెప్తే కొండ సీను పాడైపోదూ!

మా బావమరిది ఫ్రిస్కోలో ఉంటాడు. డాలస్ పక్కన. సాఫ్ట్‌వేర్. జన్మలో మోసిన అతి పెద్ద బరువు లాప్‌టాప్ సంచి. అలాంటివాడు ఓ రోజు పికప్ ట్రక్కు కొన్నాడు. ఎందుకురా అంటే, “బావా, టెక్సాస్‌లో ఉండి ట్రక్కు లేకపోతే ఎలా?” అన్నాడు. నిజమే మరి. బెజవాడలో ఉండి ఆవకాయ లేకపోతే ఎలా? పైగా వాళ్ల అకౌంటెంట్ చెవిలో ఊదాడు. బండి స్థూల బరువు రేటింగు 6,000 పౌండ్లు దాటితే పన్ను చట్టం 179వ సెక్షన్ కింద వ్యాపార ఖర్చుగా చూపించుకోవచ్చట. వాడకం సగానికి పైగా వ్యాపారానికి ఉండాలంతే. మావాడి వ్యాపారం ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ ట్రక్కు మొదటి రెండేళ్లలో మోసిన ఘనమైన సరుకు మాత్రం తెలుసు. గుడికి మూడు ట్రేల పులిహోర.

డీలర్ దగ్గర సేల్స్‌మన్ బంపర్ కింద ఉన్న చదరపు ఇనుప గొట్టాన్ని బూటుతో తన్ని చూపించాడట. అదే కొక్కెం బిగించే చోటు. పడవ కావాలంటే పడవ, గుర్రాల బండి కావాలంటే గుర్రాల బండి అన్నాడట. ఇనుము గట్టిగానే మోగింది. మోసపోవడానికి మనకి మోత చాలదూ?

మూడో ఏడు పడవ కొన్నాడు. జులై నెల. లేక్ టెక్సోమాకి బయల్దేరాడు. ఊరు దాటేదాకా ట్రాఫిక్కు, రోడ్డు మరమ్మతులు, ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం. సరస్సు దగ్గర పడవ దింపే వాలులో అరగంట ముందుకీ వెనక్కీ. బయట 104 డిగ్రీల ఫారెన్‌హీట్. మన లెక్కలో 40. ఇది అరుదేం కాదు. 2011లో డాలస్‌లో 71 రోజులు వంద దాటింది. అక్కడి ఎండ కంపెనీలకి తెలియని రహస్యమేమీ కాదు.

తిరుగు ప్రయాణంలో డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగింది. ట్రాన్స్‌మిషన్, అంటే గేర్‌బాక్సు, వేడెక్కింది, బండి ఆపు అని. నాకు ఫోను. “బావా, ట్రక్కు అలిగింది.”

అలకా అది? ఆత్మహత్య.

సోమవారం సర్వీస్ సెంటర్‌కి నేనూ వెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రాడు కంప్యూటర్‌లోకి చూస్తూ అడిగాడు. ఏం లాగారు? పడవ. ఎంత బరువు? ట్రెయిలర్‌తో కలిపి 5,000 పైన. అప్పుడు తలెత్తి చూశాడు. ఆ చూపు ఎలా ఉందనుకున్నారు? పెళ్లిలో రెండోసారి స్వీటు అడిగినవాణ్ని వడ్డించేవాడు చూసినట్టు.

“మీ బండికి టో ప్యాకేజీ లేదు సార్.”

“మరి ఈ కొక్కెం?”

“కొక్కెం ఉంది. ప్యాకేజీ లేదు.”

“తేడా ఏమిటి?”

“ప్యాకేజీ అయితే ట్రాన్స్‌మిషన్‌కి విడిగా కూలర్ వస్తుంది.”

అర్థమైందా? లాగడానికి ఇనుము ఇచ్చారు. లాగితే పుట్టే వేడి పోవడానికి దారి ఇవ్వలేదు. కుక్కర్ అమ్మి సేఫ్టీ వాల్వ్ విడిగా కొనుక్కోమన్నట్టు. సేఫ్టీ వాల్వ్ లేని కుక్కర్ ఏమవుతుందో వంటింట్లోకి ఎప్పుడూ తొంగిచూడని మగవాడికి కూడా తెలుసు. కార్ల కంపెనీలుండే డెట్రాయిట్‌లో తెలీదా?

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి, కంపెనీలు ఎలాగూ దాటేశాయి. మన లారీకి క్లచ్ పెడల్ ఉంటుంది, గేరు రాడ్ ఉంటుంది, డ్రైవర్ ఎడమ మోకాలికి నొప్పి ఉంటుంది. ఇప్పటి అమెరికా పికప్‌లలో చాలావాటికి ఈ మూడూ లేవు. ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ అని ఒక గుండ్రటి ఇనుప కుండ. దాన్నిండా నూనె. అందులో ఎదురెదురుగా రెండు పంకాలు. ఇంజిన్ ఒకదాన్ని తిప్పితే, నూనె విసురుకి రెండోది తిరుగుతుంది. ఖాళీ బండి సాఫీ రోడ్డు మీద పోతుంటే లాకప్ క్లచ్ పడి రెండూ ఒక్కటైపోతాయి. వెనక పడవ కట్టి ఎత్తు ఎక్కించండి, లేదా ట్రాఫిక్‌లో పాకించండి. లాకప్ విడిపోతుంది. ఒకటి గిరగిరా, ఇంకోటి నింపాదిగా. మధ్యలో నూనె చల్లకుండలో మజ్జిగలా చిలుకుతూనే ఉంటుంది. ఇక్కడ వెన్న రాదు. వేడి వస్తుంది.

ఆ నూనె చేసే చాకిరీ అంతా ఇంతా కాదు. పళ్లచక్రాలు అరగకుండా చూడాలి. ఒత్తిడితో క్లచ్ ప్లేట్లని పట్టుకోవాలి. పుట్టిన వేడిని మోసుకుని బయటికి పోవాలి. మూడు ఉద్యోగాలు, ఒక్క జీతం. లేఆఫ్‌ల తర్వాత ఆఫీసులో మిగిలిపోయినవాడి బతుకు.

175 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచితే అది చల్లగా తన పని తాను చేసుకుపోతుంది. పైన ప్రతి 20 డిగ్రీలకీ దాని ఆయుష్షు సగం అవుతుందన్నది మెకానిక్కుల మోటు లెక్క. 175 దగ్గర లక్ష మైళ్లు బతికే నూనె 195 దగ్గర 50 వేలు. 215 దగ్గర 25 వేలు. 235 దగ్గర పన్నెండున్నర వేలు. ఇంకా పైకి పోతే నూనె వార్నిష్‌లా అంటుకుంటుంది, సీళ్లు గట్టిపడి పగులుతాయి, క్లచ్ ప్లేట్లు జారతాయి. జారితే ఇంకా వేడి. వేడెక్కితే ఇంకా జారుడు. ఈ విషవలయంలోంచి బయటపడే దారి ఒక్కటే. టో ట్రక్కు.

మరి దీన్ని చల్లార్చడానికి మామూలు బండిలో ఉన్న ఏర్పాటేమిటి? నూనెని రెండు గొట్టాల్లో ముందుకి తెచ్చి, రేడియేటర్ ట్యాంకులో ఇరికించిన ఓ చిన్న కూలర్ గుండా తిప్పి పంపడం. అంటే ఇంజిన్ నీళ్లు నూనెని చల్లార్చాలి. ఇంజిన్ నీళ్లే 200 డిగ్రీల దగ్గర ఉడుకుతుంటాయి. రేడియేటర్ దాటేసరికి కాస్త తగ్గుతాయి, సరే. తనే అప్పుల్లో ఉన్నవాడు పక్కవాడికి హామీ సంతకం పెట్టినట్టుంటుంది. ఎండాకాలం, ఎత్తు రోడ్డు, ఏసీ ఫుల్లు. ఇద్దరూ కలిసే మునుగుతారు.

విడి కూలర్ అంటే ఏమైనా బ్రహ్మవిద్యా? ఒక పెద్ద పుస్తకమంత అల్యూమినియం జాలీ. లోపల నూనె, బయట గాలి. రేడియేటర్ ముందు, గ్రిల్ వెనక బిగిస్తారు. మంచి రకానిది, పలకలు పేర్చినట్టుండేది, వంద నుంచి రెండొందల డాలర్లు. ట్రక్కు ధర చూస్తే ఇది పెళ్లిఖర్చులో తమలపాకుల పద్దు. ఆ తమలపాకుల దగ్గర కక్కుర్తి!

కౌంటర్ కుర్రాడి అంచనా కాగితం: 6,800 డాలర్లు.

ఇప్పుడు అసలు తమాషాకి వద్దాం. టీవీలో ఉరిమే ఆ పౌండ్ల లెక్క ఎవరు వేస్తారు? ప్రభుత్వమా? కాదు. కంపెనీయే. చాలా ఏళ్లు ఏ కంపెనీకి ఆ కంపెనీ తన ఇష్టమొచ్చిన పద్ధతిలో పరీక్ష పెట్టుకుంది. ప్రశ్నపత్రం వాళ్లదే, రాసేది వాళ్లే, దిద్దేది వాళ్లే. ఫస్టు ర్యాంకు ఎవరిది? అందరిదీ! పక్కవాడు 10,000 అంటే మనం 10,400. వాడు 10,400 అంటే మనం 10,700. ఆ మూడొందలు బండిలోంచి వచ్చాయా, మార్కెటింగ్ విభాగంలోంచి వచ్చాయా అని అడిగిన పాపాన పోయినవాడు లేడు.

చివరికి 2008లో ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ ఒక ఉమ్మడి పరీక్ష రాసింది. పేరు జె2807. అందులో ఒక ఘట్టం అరిజోనాలో, డేవిస్ డ్యామ్ ఎత్తు. కొలరాడో నది ఒడ్డు నుంచి పదకొండు మైళ్లకి పైగా ఏకధాటిగా ఎక్కుడు. దాదాపు 3,000 అడుగులు. బయట కనీసం 100 డిగ్రీలుండాలి. ఏసీ పూర్తిగా పెట్టాలి. వెనక చెప్పిన బరువంతా కట్టాలి. మామూలు పికప్ వేగం గంటకి 40 మైళ్లకి తగ్గకూడదు. ఏ దీపం వెలగకూడదు, ఏ భాగం విరగకూడదు. ఇంజినీర్లంటే వీళ్లురా అనిపిస్తుంది కదూ? మా బావమరిది పెట్టాల్సిన ప్రశ్నలన్నీ వాళ్లే పెట్టారు.

కంపెనీలు ఏం చేశాయి? చప్పట్లు కొట్టాయి. తప్పకుండా పాటిస్తామన్నాయి. ఆ పరీక్ష రాయడానికి కూర్చున్న కమిటీలో వాళ్ల ఇంజినీర్లే ఉన్నారు మరి. టొయోటా మాత్రం 2011 మోడల్ టండ్రాకి నిజంగానే పాటించింది. ఫలితం? ముందు చెప్పిన లెక్క కొన్ని వందల పౌండ్లు కిందికి దిగింది. అదే బండి, అదే ఇంజిన్. నిజం చెప్పేసరికి చిక్కిపోయింది. అది చూసి మిగతావాళ్లకి చెమటలు పట్టాయి. 2013 మోడళ్ల నుంచి పాటిస్తామన్న డెట్రాయిట్ పెద్దలు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన కొత్త మోడల్ వచ్చినప్పుడు చూద్దామన్నాడు. ఆయన చెయ్యకపోతే నేనెందుకు తగ్గాలన్నాడు ఇంకొకాయన. బడిలో హోంవర్క్ ఎగ్గొట్టే పిల్లల సాకు ఇది. వాడు చేస్తే నేనూ చేస్తా టీచర్! తేలేసరికి 2015 మోడళ్లొచ్చాయి. ఏడేళ్లు. ఈ ఏడేళ్లూ ఆ పెద్ద అక్షరాలు నమ్మి కొండలెక్కినవాళ్ల గేర్‌బాక్సులకి సంతాపం ఎవరు ప్రకటించారు?

ఇంకో ముచ్చట. ఆ పరీక్షలో మామూలు పికప్‌లో ఎందరు కూర్చుంటారు? ఇద్దరు. ఒక్కొక్కరి బరువు 150 పౌండ్లు. అంటే 68 కిలోలు. టెక్సాస్‌లో 68 కిలోల మగవాణ్ని ఎక్కడ పట్టుకొచ్చారో ముందు ఆ రహస్యం చెప్పమనండి! మా బావమరిది ట్రక్కులో ఆ రోజు అయిదుగురు. రెండు ఐసు పెట్టెలు. ఒక గ్యాస్ పొయ్యి. మా అత్తగారు చేసిన గారెల డబ్బా. పరీక్షలో గారెలు లేవు సార్, మేం పాసవ్వలేదు. ఇంత చేసీ ఈ పరీక్ష నేటికీ స్వచ్ఛందమే. చట్టం కాదు. నడిపేది కంపెనీ, మార్కులేసేది కంపెనీ.

మనం నవ్వడానికీ లేదు లెండి. మండుటెండలో నడిపే లారీ డ్రైవర్ క్యాబిన్‌కి ఏసీ ఉండాలని మన దేశంలో కాగితం మీద రాసుకునేసరికి 2023 దాటిపోవచ్చింది. అక్కడ నూనె ఉడికింది, ఇక్కడ మనిషి.

‘జీవితకాలం మార్చనక్కర్లేని నూనె’ అనే మాట విన్నారా? ట్రాన్స్‌మిషన్ నూనె జీవితకాలం వస్తుందట. ఎవరి జీవితకాలం? మీదా? బండిదా? వారంటీదా? నూనె చచ్చినప్పుడు దాని జీవితకాలం అయిపోయినట్టే కదా, ఆ లెక్కన మాట తప్పలేదు! శ్మశానంలో ఉన్న ప్రతివాడూ జీవితకాలం బతికినవాడే.

నూనె ఎలా ఉందో చూసుకుందామంటే చాలా బండ్లలో డిప్‌స్టిక్ తీసేశారు. వెనకటికి బానెట్ ఎత్తి, పుల్ల లాగి, తెల్ల కాగితం మీద ఒక బొట్టు పెడితే జాతకం తెలిసిపోయేది. ఎర్రగా ఉంటే క్షేమం. గోధుమరంగుకి తిరిగి మాడు వాసన వేస్తే మూట సర్దుకో. ఇప్పుడా పుల్ల లేదు. బండిని లిఫ్ట్ ఎక్కించి, కిందనుంచి బోల్టు విప్పి, నూనె వేడి ఇంత ఉన్నప్పుడే, ఇంజిన్ నడుస్తుండగానే చూడాలట. ఖర్చు తగ్గుతుందనా, మనం చూడకూడదనా? రెండూనా?

పోనీ డ్యాష్‌బోర్డులో ముల్లు ఉందిగా అంటారా? చాలా బండ్లలో ఆ ముల్లు మధ్యలో కూర్చుని కదలదు. 180 అయినా మధ్యే, 220 అయినా మధ్యే. అసెంబ్లీలో వెనక బెంచీ సభ్యుడిలా ఊరికే ఉనికి. చచ్చేముందు ఒక్కసారి లేచి అరుస్తుంది. అసలు సంగతి కావాలంటే ఇరవై డాలర్ల స్కానర్ ముక్క కొని, స్టీరింగ్ కింద గుచ్చి, ఫోన్లో చదువుకోవాలి. అంకె కంప్యూటర్‌కి తెలుసు. మీకు చెప్పకూడదని నేర్పారు.

కొన్ని కొత్త ట్రాన్స్‌మిషన్లలో ఇంకో వింత. కూలర్ ఉంటుంది. దాని ముందు ఒక థర్మోస్టాట్ కూర్చుని, నూనె బాగా వేడెక్కేదాకా దాన్ని కూలర్‌లోకి పోనివ్వదు. ఎందుకట? వేడి నూనె పలచగా ఉంటుంది, మైలేజీ ఓ వెంట్రుకవాసి పెరుగుతుంది. కంపెనీ బండ్లన్నిటి సగటు మైలేజీ లెక్కకి ఆ వెంట్రుకే బంగారం. లాభం వాళ్ల సగటులో. వేడి మీ డబ్బాలో.

ఇక మాన్యువల్ సంగతి. సర్వీసు ఎప్పుడు చేయించాలో రెండు పట్టికలుంటాయి. ఒకటి మామూలు వాడకం. ఇంకోటి కఠిన వాడకం. బరువు లాగితే కఠినం. వేడి ప్రాంతమైతే కఠినం. దుమ్ముంటే కఠినం. ట్రాఫిక్‌లో ఆగుతూ పోతే కఠినం. దగ్గర దగ్గర తిరిగితే కఠినం. మరి మామూలు వాడకం ఏది మహాప్రభో? పౌర్ణమి రాత్రి ఖాళీ హైవే మీద, వెనక ఏమీ కట్టకుండా, చల్లగాలిలో ఒంటరిగా పోవడమా? దానికి ట్రక్కెందుకు, విరహగీతం చాలు.

ఇదంతా తెలుసుకుని బుద్ధిగా మీరే ఓ కూలర్ కొని బిగించుకుందామంటే అప్పుడు నిద్రలేస్తాడు డీలర్. బయటి సామాను పెడితే వారంటీ పోతుంది సార్! ఏం నోరండీ అది. 1975లో వచ్చిన మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం స్పష్టంగా ఉంది. బయటి భాగం పెట్టినంతమాత్రాన వారంటీ రద్దు చెయ్యకూడదు. ఆ భాగం వల్లే చెడిపోయిందని వాళ్లే చూపించాలి. ఇలా బెదిరించొద్దని 2018లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది కూడా. అయినా కౌంటర్ దగ్గర ఈ పాట ఆగలేదు. చల్లార్చే వస్తువు పెడితే వారంటీ పోతుందట. పెట్టకపోతే గేర్‌బాక్సు పోతుంది. ఏది పోతే మీకు బావుంటుందో కోరుకోండి.

రేడియేటర్‌లో ఇరికించిన ఆ చిన్న కూలర్‌ని నమ్ముకున్నవాళ్ల కథ ఒకటి చెప్పాలి. నిస్సాన్‌వి పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రా, ఫ్రాంటియర్. 2005 నుంచి 2010 మోడళ్లు. వాటిలో కొన్నింటికి రేడియేటర్ లోపలే ఆ కూలర్ చిట్లేది. ఇంజిన్ నీళ్లు, గేర్‌బాక్సు నూనె కలిసిపోయేవి. మూత తీసి చూస్తే లోపల చిక్కటి గులాబీరంగు నురగ. ఓనర్లు దానికి స్ట్రాబెరీ మిల్క్‌షేక్ అని పేరు పెట్టుకున్నారు. ఏడవలేక నవ్వడమంటే ఇదే. ఆ నీళ్లు తగిలితే క్లచ్ ప్లేట్ల మీది పూత ఊడిపోతుంది. రేడియేటర్ పోతే వందల్లో ఖర్చు. గేర్‌బాక్సు పోతే వేలల్లో. కంపెనీ ముందు వారంటీని 8 ఏళ్లు, 80 వేల మైళ్లు చేసింది. కేసు పడ్డాక రాజీలో 10 ఏళ్లు, లక్ష మైళ్లు అంది. ఎంత ఉదారం! ఆగండి, అందులోనూ చీమల బారు ఉంది. 80 వేలు దాటినవాడు తన వాటాగా 2,500 డాలర్లు కట్టాలి. 90 వేలు దాటితే 3,000. తప్పు వాళ్లది, చందా మనది.

తెలివైన ఓనర్లు అప్పటికే ఏం చేశారో తెలుసా? రేడియేటర్‌లోని ఆ కూలర్‌కి పోయే గొట్టాలు రెండూ పీకేసి, ముందు ఓ విడి కూలర్ బిగించుకున్నారు. వందలమంది ఇంజినీర్లు, విండ్ టన్నెళ్లు, సూపర్ కంప్యూటర్లు చెయ్యని పని శనివారం మధ్యాహ్నం ఇంటి ముందు, ఓ స్పానర్ సెట్టుతో.

మనవాళ్లనీ వదలకూడదు. ఇంత చదువుకున్న మా బావమరిది ఆ మాన్యువల్‌ని మూడేళ్లూ ప్లాస్టిక్ కవర్‌తోనే ఉంచాడు. లాగే బరువు పరిమితి అందులోనే ఉంది. టో ప్యాకేజీ లేకపోతే ఎంత, ఉంటే ఎంత, రెండు వరసల్లో. “చదవలేదా?” అంటే, “బావా, టెర్మ్స్ అండ్ కండిషన్స్ ఎవరు చదువుతారు?” అన్నాడు. అక్షరం అక్షరం కోడు రాసి బతికేవాడు! ఎర్ర దీపం వెలిగాక కూడా ఇల్లు పదిహేను మైళ్లేగా అని తోలుకొచ్చాడు. ఆ పదిహేను మైళ్ల ఖరీదు మైలుకి ఎంత పడిందో భాగించుకోండి. కంపెనీ సగం చంపితే మిగతా సగం మనమే పూర్తి చేస్తాం.

చివరికి సర్వీస్ సెంటర్‌ని వదిలి గార్లండ్‌లో ఓ మెక్సికన్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పాన్ విప్పి, అడుగునున్న నూనెలో వేలు ముంచి, ఓ టిష్యూ కాగితం మీద రాసి మా ముందు పెట్టాడు. కాఫీ డికాక్షన్ రంగు. మాడిపోయిన పోపు వాసన. ఏమీ మాట్లాడలేదు. మాట్లాడాల్సింది కాగితమే మాట్లాడింది. విప్పి, ప్లేట్లు మార్చి, మళ్లీ బిగించడానికి 4,200 అన్నాడు. తర్వాత అడిగాడు, కూలర్ కూడా పెట్టమంటారా అని. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. ట్రక్కు అమ్మినవాడు అడగలేదు. మూడేళ్లు సర్వీసు చేసినవాడు అడగలేదు.

మావాడికి పౌరుషం వచ్చింది. కూలర్ మనమే పెడదాం బావా అన్నాడు. సరే అన్నాను. అయితే ట్రక్కు బాగై వచ్చాక, ముందు అదే పడవ కట్టి, అదే దారిలో, ఉన్నదున్నట్టు ఓసారి పోయి రమ్మన్నాను, ఫోన్లో అంకె చూసుకుంటూ. పడవ దింపే వాలులో 231 చూపించింది. వెంటనే ఆపేసి గంట చల్లారనిచ్చాడు. ఈసారి గారెలు కూడా తినలేదట.

తర్వాతి శనివారం గ్రిల్ విప్పాం. ఏసీ కండెన్సర్ ముందు నాలుగంగుళాల ఖాళీ. కూలర్ పెట్టడానికి కొలిచి వదిలినట్టే ఉంది. బోల్టు వేసుకోవడానికి చిల్లులు కూడా ఉన్నాయి. అవును, కంపెనీ చేసిన చిల్లులే! ప్యాకేజీ ఉన్న బండికీ లేని బండికీ ఒకటే చట్రం కదా. చోటు ఇచ్చారు, చిల్లు ఇచ్చారు, వస్తువు ఒక్కటి తీసేశారు. నాకు అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు.

కిట్‌తో ప్లాస్టిక్ పుల్లలు నాలుగు వచ్చాయి, కండెన్సర్ రెక్కల మధ్యనుంచి గుచ్చి బిగించమని. వాటిని చెత్తబుట్టలో వేశాం. ఏళ్లతరబడి రాసుకుని ఏసీకి చిల్లు పడుతుంది. రెండు ఇనుప పట్టీలు వంచి ఆ చిల్లులకే బిగించాం. రేడియేటర్‌లోని పాత కూలర్‌ని తీసెయ్యలేదు. నూనె ముందు దానిలోంచి, తర్వాత కొత్తదానిలోంచి, అక్కణ్నించి గేర్‌బాక్సుకి. చలికాలం పొద్దున నూనె త్వరగా వెచ్చబడాలంటే ఆ పాతది ఉండాలి. గొట్టం మాత్రం ట్రాన్స్‌మిషన్ నూనెకని రాసి ఉన్నదే వాడాం. పెట్రోలు గొట్టం చవగ్గా వస్తుందన్నాడు మావాడు. ఆ చూపు నేనే చూశాను ఈసారి, స్వీటు వడ్డించేవాడి చూపు. తిరుగు గొట్టం కోసినప్పుడు కొత్త నూనె బొట్లు కింద పరిచిన అట్టపెట్టె మీద పడ్డాయి. చెర్రీ పండు ఎరుపు. క్లాంపులు బిగించి, నూనె మట్టం సరిచూసి, లీకులేమీ లేవని రెండుసార్లు పడుకుని చూశాం. మొత్తం ఖర్చు 168 డాలర్లు. పట్టిన సమయం మూడు గంటలు, అందులో అరగంట టీ.

మళ్లీ టెక్సోమా. అదే పడవ, అదే వాలు. బయట 101 డిగ్రీలు. ఫోన్లో అంకె 194 దగ్గరికి ఎక్కి ఆగింది.

మీకో పని. రేపు పొద్దున మీ ట్రక్కు ముందు వంగి, గ్రిల్ సందుల్లోంచి టార్చి వెయ్యండి. ఏసీ కండెన్సర్ ముందు ఇంకో చిన్న జాలీ, దానికి రెండు గొట్టాలు కనిపించాలి. కనిపించలేదా? వెనక్కి వెళ్లి ఆ కొక్కేన్ని చూడండి. దానికి కట్టాల్సింది ఇంకా కొనకపోతే, ముందు 168 డాలర్లు పక్కన పెట్టండి.